జేబులో రాళ్లు లేని రోజు

లోహం ఏదీ లోపలికి రాకూడదన్నారు కాబట్టి, పొడుగని మేమందరం నిచ్చెన అని పిలిచే పిల్ల చెవిపోగులు నా అరచేతిలో ఉన్నాయి. రెండు హెయిర్ పిన్నులూ సన్న గొలుసూ చేతి గడియారమూ నా ఒళ్లోని ప్లాస్టిక్ ట్రేలో ఉన్నాయి, బూట్లు నా కాళ్ల దగ్గర ఉన్నాయి, పిల్ల మాత్రం ఆ తలుపు వెనకాల, ఎర్ర దీపం వెలుగుతున్న ఆ తలుపు వెనకాల, గొట్టం లాంటి మిషన్లో వెల్లకిలా పడుకుని ఉంది. నలభై నిమిషాలన్నాడు స్కాన్ తీసే అతను, కదిలితే మళ్లీ మొదటి నుంచి తీయాలన్నాడు. కదలకుండా నలభై నిమిషాలా! టీమ్ ఫొటోకి నలభై సెకన్లు కుదురుగా నిలబడని పిల్ల అది, ఏ ఫొటోలో చూసినా దాని ముఖం ఒక్కటే చెదిరిపోయి ఉంటుంది. లోపలికి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఊపిరైనా పీల్చుకోనిస్తారా మావయ్యా?" అని నవ్వింది. గ్రౌండ్లో నేను సార్‌ని, గేటు దాటితే మావయ్యని. నవ్వుతూనే ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుంది, పెట్టుకున్నట్టు తనకే తెలియదు. నాకు తెలుసు. మూడు రోజులుగా ఆ చెయ్యి అక్కడికే వెళ్తోంది. కుడి చేత్తో ఫాస్ట్ బౌలింగ్ వేసేవాళ్లకి నడుం ఎముక విరిగేది ఎడమ పక్కనే.

విరిగిందని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. కండరం పట్టేసి ఉంటుంది, రెండు వారాలు పడుకుంటే అదే సర్దుకుంటుంది, కండరమే అయి ఉండాలి, కండరమే కానివ్వు దేవుడా, ఏ దేవుడో నాకు తెలియదు, టాస్ వేసేటప్పుడు కూడా ఎవరినీ ఏమీ అడిగినవాణ్ణి కాదు నేను, అడగని వాటన్నిటికీ బదులుగా ఈ ఒక్కటీ ఇచ్చెయ్. గోడ అవతల మిషన్ మొదలైంది. డగ్ డగ్ డగ్ డగ్. ఆగింది. మళ్లీ డగ్ డగ్. నా చెవి ఊరుకోదు కదా, లెక్కపెడుతుంది, పదిహేడు దగ్గర ఆగుతుందేమోనని చూస్తుంది. నిచ్చెన పరుగు పదిహేడు అడుగులు. పదిహేడో అడుగు ఎడమ కాలు, మడమ నేలని కొడుతుంది, మోకాలు వంగదు, ఆ ఒక్క దెబ్బలో ఒంటి బరువుకి ఏడెనిమిది రెట్లు వచ్చి నడుం మీద పడుతుంది. పాఠం చెప్పేటప్పుడు నేనే సుద్దముక్కతో బోర్డు మీద వెన్నెముక బొమ్మ గీస్తాను, ఇదిగో ఇక్కడ, చిటికెనవేలి గోరంత సందు, ఇది బాగుంటే మీరు బౌలర్లు, ఇది విరిగితే మీరు నాలాగా ఈల ఊదుకుంటూ తిరిగే మాస్టార్లు, అంటాను. పిల్లలు నవ్వుతారు. నిచ్చెన అందరికంటే గట్టిగా నవ్వుతుంది, దాని నవ్వుకి బోర్డు మీది సుద్ద రాలిపోతోందని మేమందరం ఏడిపిస్తాం.

ఆ నవ్వు కంటే ముందు నేను చూసింది దాని పరుగు. నాలుగేళ్ల కింద పొద్దున్నే బస్సులో చివరి సీట్లో కూర్చుని గ్రౌండుకి పోతున్నాను. బస్సు కదిలింది. పక్కన ఏదో పొడుగ్గా పరిగెత్తుకొస్తోంది. చూస్తే ఒక పిల్ల, చేతిలో టిఫిన్ బాక్సు, బస్సుతో సమానంగా వస్తోంది, భుజాలు ఊగడం లేదు, తల కదలడం లేదు, కాళ్లు మాత్రమే పోతున్నాయి. వెనక తలుపు దగ్గరికి వచ్చి బాక్సు లోపలికి విసిరింది, కండక్టరమ్మ ఒంటిచేత్తో పట్టుకుంది, బస్సులో సగం మంది చప్పట్లు కొట్టారు. "ఎవరమ్మా ఆ పిల్ల?" అని అడిగాను. "మా ఇంటి దయ్యమే అన్నయ్యా, నేను మర్చిపోయి వస్తాను, అది వెంటపడి ఇస్తుంది. మీరెక్కడికి, టికెట్?" అంది కండక్టరమ్మ. మొదటి మాటలోనే అన్నయ్య చేసేసింది. నేను దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు మాట్లాడుతూనే ఉన్నాను, ఆ పిల్లని సాయంత్రం ఒక్కసారి గ్రౌండుకి పంపించమని, బంతి చేతికివ్వనిమ్మని. ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, "మగపిల్లల మధ్యలోనా?" అంది. ఆడపిల్లల బ్యాచ్ వేరే ఉందమ్మా అన్నాను. అబద్ధం. ఆడపిల్లల బ్యాచ్ ఆ సాయంత్రమే మొదలైంది, నిచ్చెన ఒక్కతితో.

ఆ కండక్టర్ చెల్లెమ్మే ఇప్పుడు నా పక్కన కూర్చుని ఉంది, ఖాకీ చొక్కా మీదే వచ్చేసింది, సగం డ్యూటీ ఎవరికో అప్పజెప్పి. ఈ నడవాలో గోడకి ఆనించి ఆరు కుర్చీలు, మాకు ఎదురుగా ఒక ముసలాయన చేతికి కట్టుతో కునుకుతున్నాడు. చెల్లెమ్మ ఊరికే కూర్చోలేదు, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లోపలికి పోయినవాళ్లనీ బయటికొచ్చినవాళ్లనీ కళ్లతోనే లెక్కేస్తోంది. అలవాటు. బస్సు ఎంత కిక్కిరిసినా మెట్టు మీద నిలబడి ఒక్కసారి చూపు తిప్పి, "నలభై మూడు, ఇద్దరు టికెట్ తీసుకోలేదు" అని చెప్పగల మనిషి. నా ముఖం మాత్రం చూడొద్దని నా కోరిక. చూసింది. "అన్నయ్యా, మీరలా ముఖం పెట్టకండి, నాకు కాళ్లూ చేతులూ ఆడ్డం లేదు. పట్టేసిందంతే కదా? మీరే అన్నారు కదా?" అంది. అవునమ్మా, పట్టేసిందంతే అన్నాను. నా గొంతు నాకే వేరేవాడిదిలా వినబడింది.

పట్టేసిందంతే, విదిలించుకో, ఇంకొక్క ఓవర్. ఈ మాట నేను ముందు విన్నాను, తర్వాత అన్నాను. విన్నప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. నాకు నేర్పినాయన మంచివాడే, చెడ్డవాడైతే ఎంత బాగుండేది, తిట్టుకుని మర్చిపోయేవాణ్ణి. నొప్పిగా ఉంది సార్ అంటే, ఫాస్ట్ బౌలర్‌కి నొప్పి లేకపోతే వాడు ఫాస్ట్ వేయనట్టురా అని నవ్వుతూ వీపు మీద చరిచేవాడు. ఆ చరుపే హాయిగా ఉండేది. ఆ రోజు ఎనిమిదో ఓవర్లో ఎడమ కాలు నేల మీద పడేసరికి నడుం లోపల ఎండుపుల్ల విరిగినట్టయింది, నిజంగా చప్పుడు వినబడింది, బంతి మాత్రం వెళ్లి వికెట్‌కి తగిలింది, అందరూ నా మీదికి దూకారు, కింద పడ్డవాణ్ణి లేపలేకపోయారు. ఫిల్మ్ కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి చూపించాడు డాక్టరు. గీత. తెల్లటి ఎముక మీద వెంట్రుకంత నల్ల గీత. అంతే, దానికి నా జీవితమంతా పోయింది, నేను ఇప్పటికీ తెల్లారి మంచం దిగాలంటే ముందు పక్కకి దొర్లి, మోచేయి ఆన్చి, మా ఆవిడ అన్నట్టు వాయిదాల పద్ధతిలో లేస్తాను.

అందుకే రాళ్లు. నా దగ్గర ఏ పిల్లకీ అది జరగకూడదని పెట్టుకున్న నియమం అది, ఇరవై నాలుగు గులకరాళ్లు. ప్రాక్టీసు మొదలవగానే కుడి జేబులో వేసుకుంటాను, ఒక్కో బంతికీ ఒక్కో రాయి ఎడమ జేబులోకి. కుడి జేబు ఖాళీ అయిందా, బంతి ఇచ్చెయ్, అంతే, దేవుడు దిగొచ్చినా ఇరవై అయిదోది వేయడానికి లేదు. పుస్తకంలో రాస్తే మాటల్లో పడి మర్చిపోతాం, సెల్‌ఫోన్లో నొక్కితే ఎవరో ఫోన్ చేస్తారు, రాయి అలా కాదు, బరువు తెలుస్తుంది. ఒకసారి నిచ్చెన నా కళ్లుగప్పి కుడి జేబులో నాలుగు రాళ్లు కలిపింది, ఇంకో నాలుగు బంతులు వెయ్యొచ్చని. వారం రోజులు బంతి ముట్టుకోనివ్వలేదు. "మీకు బౌలర్లు కాదు, రాళ్లే ముద్దు" అని అలిగింది. మా ఆవిడైతే, "ఈ జేబులు కుట్టలేక చస్తున్నాను, ఇంతకీ మీరు నేర్పేది క్రికెట్టా, రాళ్ల పనా?" అంటుంది. మొన్న మంగళవారం పొద్దున ఆవిడే నా మంచి ప్యాంటు ఇస్త్రీ చేసింది, పెళ్లిళ్లకి వేసుకునేది, పెద్దాయన వస్తున్నాడు కదా, సెలెక్టర్‌గారు, ముప్ఫై ఏళ్లలో మా గ్రౌండుకి వచ్చిన మొదటి సెలెక్టరు. రాళ్లు తీసి కిటికీ మీద పెట్టింది. "ఒక్కరోజు జేబులు ఉబ్బకుండా మనిషిలా వెళ్లండి" అంది. నవ్వి, సరేనన్నాను.

సరేనన్నాను. ఆ మాట దగ్గరే ఆగిపోవాలి నేను, కానీ మనసు ఆగదు, ముందుకెళ్తుంది, మళ్లీ ఆ గ్రౌండులోకే వెళ్తుంది. ఎముక ఒక్కరోజులో విరగదు, నాకు తెలుసు, లోపల్లోపల ఎన్నాళ్ల నుంచో అలిసిపోయి ఉండాలి, ముందు వారం రెండు మ్యాచ్‌లు ఆడింది, మంగళవారం దానికి సెలవివ్వాల్సిన రోజు. కాబట్టి నా తప్పు కొంచెమే. కాబట్టి నా తప్పు మొత్తం. ఏది? అలిసిన ఎముక అని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అక్కడ. ఆ నడుం పట్టుకోవడం ఎప్పుడు మొదలైంది, ఏ ఓవర్లో, డాక్టర్ అడిగితే ఏం చెప్పాలి? "చెల్లెమ్మా, ఆ రోజు వీడియో తీశావు కదా, ఒకసారి ఇవ్వు" అన్నాను. ఫోన్ చేతికిచ్చింది, "ఓవర్‌కి ఒక ముక్క చొప్పున తీశాను, ఎనిమిదున్నాయి. మీరు చూస్తూ ఉండండి, కింద కాగితాల మీద సంతకాలు పెట్టాలట, పెట్టేసి నీళ్లు పట్టుకొస్తాను" అని లేచింది. మెట్ల దగ్గర ఆగి ఎర్ర దీపం వంక ఒకసారి చూసి దిగింది.

నాలుగో ముక్క తెరిచాను, ఎందుకో ముందు అదే. మొదటి బంతి, వచ్చింది, వేసింది, వెనక్కి నడుస్తూ ఎడమ చెయ్యి నడుం మీద పెట్టింది. ఇదిగో. ఇక్కడ. పంతొమ్మిదో బంతి. నా వైపు తిరిగి ఏదో అంటోంది, వినబడదు, అక్కర్లేదు, నాకు గుర్తుంది, "ఎడమ పక్క పట్టేసినట్టుంది సార్" అంది. దానికి నా జవాబు మాత్రం గ్రౌండంతా వినబడేంత గట్టిగా ఉంది ఫోన్లో. పట్టేసిందంతే, విదిలించుకో, ఇంకొక్క ఓవర్! ఎవరి గొంతిది? ముప్ఫై ఏళ్ల కింద వీపు మీద చరిచిన ఆ చెయ్యి నాకే ఎప్పుడు మొలిచింది? ఆపకుండా అయిదో ముక్క, ఆరు, ఏడు. పరుగు బరువెక్కుతోంది, తల పక్కకి వాలుతోంది, ప్రతి బంతికీ వేగం కొలిచే గన్ మీది అంకె నేనే చదువుతున్నాను, నూట ఒకటి! నూరు! తొంభై ఎనిమిది! ఎనిమిదో ముక్కలో అయిదు బంతులే ఉన్నాయి, అయిదోదానికి పెద్దాయన కుర్చీలోంచి లేచి వాచీ చూసుకున్నాడు. ఏడార్లు నలభై రెండు, అయిదు. నలభై ఏడు. నలభై ఏడు బంతులు వేయించానా నేను? రోజుకి ఇరవై నాలుగు దాటనివ్వని నేను?

గంటకి నూట పది కిలోమీటర్ల వేగం కావాలన్నాడు పెద్దాయన. మంచి మనిషి, కఠినంగా ఏమీ అనలేదు, "అమ్మాయి పరుగు చాలా బాగుంది మాస్టారూ. మా ఫాస్ట్ బౌలర్ల శిబిరానికి నూట పది గీత పెట్టుకున్నాం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నూట పది చూపించండి, పేరు రాసేసుకుంటాను" అన్నాడు. శిబిరం అంటే మంచి డాక్టర్లు, మంచి తిండి, దేశం జట్టుకి అదొక్కటే తలుపు. వచ్చే ఏడాదికి నిచ్చెన వయసు దాటిపోతుంది. మొదటి ఓవర్ నాలుగో బంతికి నూట మూడు వచ్చింది. అదే అన్నిటికంటే ఎక్కువ. నాకు ఆశ్చర్యం, ఆ బంతి పిచ్ మీద పడి కీపర్ గ్లవ్స్‌లోకి పోయిన చప్పుడు నూట మూడుది కాదు, నా చెవికి తెలుసు, నా చెవి అబద్ధమాడదు, కానీ పెద్దాయన ముందు చెవి మాట ఎవరు వింటారు, గన్ మాటే వింటారు, నేనూ గన్ మాటే విన్నాను. ఆ బంతి మళ్లీ చూడాలనిపించింది. ఇందాకటి నుంచి తెరవని మొదటి ముక్క తెరిచాను.

చెల్లెమ్మ తొందరపడి ముందే మొదలుపెట్టినట్టుంది, ఓవర్ ఇంకా మొదలవలేదు, నేను మంచి ప్యాంటులో అటూ ఇటూ తిరుగుతున్నాను. బౌలర్ వికెట్ వెనకాల, వల అవతల, రేకుల షెడ్డు నీడ ఒక్క కుర్చీ పట్టేంతే పడుతుంది ఆ వేళకి. ఆ నీడలోనే ఎప్పుడూ గన్ స్టాండు ఉంటుంది, మూడు కాళ్లూ సిమెంటులో గుర్తులు పెట్టుకుని మరీ. వీడియోలో నేను కుర్చీ మోసుకొస్తున్నాను. పెద్దాయన ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. నా గొంతు, నవ్వుతూ, ఎంత వినయంగానో: "అయ్యో, మీరు నీడలో కూర్చోండి సార్, దీన్ని నేను పక్కకి జరుపుతాను." స్టాండు ఎత్తుతున్నాను. పిచ్ చదును చేసే రోలర్ పక్కన పెడుతున్నాను. చేతులు దులుపుకుంటున్నాను. ఓవర్ మొదలైంది.

ఆపాను. మళ్లీ చూశాను. రోలర్ పక్కనే. ఎనిమిది ముక్కల్లోనూ, ఇప్పుడు చూస్తుంటే ప్రతిదాంట్లోనూ ఒక మూల కనబడుతూనే ఉంది స్టాండు, రోలర్ పక్కన, నేను దాని వెనకాల వంగి అంకెలు చదువుతూ. గన్ బంతి వీపు చూడాలి, చెంప కాదు. చిన్న కోచ్‌ల క్లాసులో ఈ ముక్క చెప్పేది నేనే. నేరుగా వెనకనుంచి చూస్తే అసలు వేగం చెప్తుంది, పక్కకి జరిగితే అది తనకి దూరమవుతున్నంత మేరే చెప్తుంది, మిగతాది మింగేస్తుంది. గన్ పెట్టె మూత లోపల పట్టిక అంటించి ఉంటుంది, ఎంత పక్కకి పెడితే ఎంత తగ్గుతుందో, నాకు కంఠతా వచ్చు. షెడ్డు నీడ నుంచి రోలర్ దాకా ఎంత? ఆ గ్రౌండులో ప్రతి అంగుళం నా కాళ్లకి తెలుసు. పది అడుగులకి నాలుగు అడుగులు పక్కకి. వందకి ఏడున్నర పోతుంది. అంటే నూట మూడు అంటే, అంటే. నూట పదకొండు. మొదటి ఓవర్ నాలుగో బంతి నూట పదకొండు. ఒక్కసారి చాలన్నాడు, ఆ ఒక్కసారీ అయిపోయింది, నిచ్చెన చూపించేసింది, ఇంకా చెమట కూడా పట్టకముందే. ఆ తర్వాతి నలభై మూడూ లేనిదాని కోసం. లేని లోటు పూడ్చడానికి. ఒక పెద్దమనిషి చెమట పట్టకుండా కూర్చోవడానికి నేను జరిపిన మూడు కాళ్ల స్టాండు కోసం.

డగ్ డగ్ డగ్ డగ్. మిషన్ ఆగదేం? ఎందుకు ఆగాలి, ఆగితే తలుపు తెరుచుకుంటుంది. ఎవరికి తెలుసు ఇది? ఎవరికీ తెలియదు. పెద్దాయన తన రోజుల్లో బ్యాట్స్‌మన్, గన్ సంగతి ఆయనకేం తెలుసు, అంకె చదివింది నేను, ఆయన నమ్మాడు. చెల్లెమ్మకి తెలియదు. నిచ్చెనకి తెలియదు, మంగళవారం సాయంత్రం సంచి భుజాన వేసుకోలేక చేత్తో ఈడ్చుకుంటూ, "సారీ సార్, మీ పరువు తీశాను" అంది. నాకు సారీ చెప్పింది! నేను దాని నెత్తి మీద చెయ్యి వేసి, పర్వాలేదులే అన్నాను. క్షమించాను దాన్ని. ఈ ముక్క ఒక్కటి చెరిపేస్తే చాలు. నా బొటనవేలు అప్పుడే నొక్కిపట్టింది, చెత్తబుట్ట బొమ్మ వచ్చింది, తొలగించమంటారా అని అడుగుతోంది ఫోను, ఎంత మర్యాదగా అడుగుతోందో. తొలగించు. నా ఉద్యోగం ఉంటుంది, ఇరవై నాలుగు రాళ్ల మాస్టారన్న పేరు ఉంటుంది, చెల్లెమ్మ అన్నయ్యా అని పిలవడం ఉంటుంది. ఎముకేమో నా చేతుల్లో లేదు, చెప్పినంత మాత్రాన అతుక్కోదు కదా, చెప్పి దాన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకు? చూశావా, ఎంత చక్కగా మాట్లాడతావో నువ్వు, నీ కోసం. నాలుగో బంతి ఇంకొక్కసారి చూసి చెరిపేద్దామనుకున్నాను. పదిహేడు అడుగులు. చెయ్యి చెవిని రాసుకుంటూ పైకి లేచింది. బంతి కనబడలేదు, చప్పుడే వినబడింది. ఈ బంతి ఇంకెక్కడా లేదు. కాగితం మీద నూట మూడే ఉంది, పెద్దాయన పుస్తకంలో పేరు లేదు, నిచ్చెన తలలో కూడా తను చాలని పిల్లే. ఇది చెరిపితే నా తప్పూ పోతుంది, దాని నూట పదకొండూ పోతుంది. రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి. వద్దు మీద నొక్కాను.

చెల్లెమ్మ నీళ్ల సీసాతో వచ్చి కూర్చుంది. "తాగండి అన్నయ్యా, పెదాలు ఎండిపోయాయి మీకు" అంది, ముందు నాకే ఇచ్చింది. తాగలేక చేత్తో పట్టుకున్నాను. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కాదు, ఇద్దరికీ కలిపి చెప్పాలి. కండరమే అయితే చెప్తాను, నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు, చూశావా నీ మావయ్య ఎంత తెలివితక్కువవాడో అని. కండరం కాకపోతే? కాకపోతే ఎవరైనా నన్ను ఇక్కడినుంచి ఈడ్చుకుపోతే బాగుండును. ఎదుటి ముసలాయనకి మెలకువ వచ్చి నావైపు జాలిగా చూస్తున్నాడు, మనవరాలా అని అడిగాడు, కాదు అనబోయి తల ఊపాను. మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఇంతసేపూ అది నా తలలోనే మోగినట్టు, ఆగగానే నడవా అంతా ఖాళీ అయింది. తలుపు మీది ఎర్ర దీపం ఆరింది.

స్కాన్ తీసే అతను బయటికొచ్చాడు. నావైపు చూడలేదు. నడవా చివరికి వెళ్లి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. చెల్లెమ్మ లేచి నిలబడింది. "అదెవరికండీ? మా అమ్మాయి నడిచే వచ్చింది కదా?" అంది. "తెలుసమ్మా. ఇక నడిపించొద్దన్నారు డాక్టర్‌గారు. పది నిమిషాల్లో పిలుస్తారు, పెద్దవాళ్లిద్దరూ రండి" అన్నాడు, మెల్లగా, ఈ మాటలు రోజూ చెప్పేవాడిలా. నాకిక ఫిల్మ్ అక్కర్లేదు. వెంట్రుకంత గీత. నాకు ఎక్కడుందో సరిగ్గా అక్కడ. చెల్లెమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుంది, పడిపోకుండా. నేనే తనని పడేశానని తెలియక నన్నే పట్టుకుంది.

కుర్చీలో బయటికొచ్చింది నిచ్చెన, మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి, ఆ కాళ్లకి ఏ కుర్చీ చాలుతుంది. "చూశారా మావయ్యా, సెలెక్టర్‌గారిలాగా నాకూ కుర్చీ వేశారు" అంది, నవ్వబోయి నొప్పికి ఆగింది. బూట్ల కోసం వంగబోయింది, వంగలేకపోయింది. నేను నేల మీద కూర్చున్నాను, నా నడుం కలుక్కుమంది, మంచిదే. కుడి బూటు తొడిగాను. ముందు భాగం అరిగిపోయి రెండుసార్లు అతుకు వేయించిన బూటు, బంతి వేసిన ప్రతిసారీ బొటనవేలి దగ్గర నేలని గీరుతుంది. తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా, ఎత్తితే చెప్పలేనని తెలిసి, చెప్పేశాను. "మంగళవారం గన్ పక్కకి పెట్టాను తల్లీ. పెద్దాయన కూర్చోవాలని నేనే జరిపాను. అది తప్పు చూపించింది. నీ మొదటి ఓవర్ నాలుగో బంతి నూట మూడు కాదు. నూట పదకొండు."

తల ఎత్తాను. కోపంగా చూస్తుందనుకున్నాను, చూస్తే ఎంత బాగుండేది. నిచ్చెన ముఖమంతా నోరైపోయి నవ్వుతోంది. "నూట పదకొండా? నిజంగానా? అమ్మా, విన్నావా, నూట పదకొండంట! నాకు అనిపించింది మావయ్యా, ఆ బంతి చేతిలోంచి పోయినప్పుడే అనిపించింది! ఆయనకి ఫోన్ చేద్దామా? ఇప్పుడే చేస్తే పేరు రాసుకుంటారు కదా?" అంటూ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. తాడు ముడి నా వేళ్లలో పడటం లేదు. "ఆ తర్వాత వేసినవన్నీ..." అన్నాను. "ఆ తర్వాతివి ఒక్కటి కూడా అక్కర్లేదమ్మా. నేనే వేయించాను." నవ్వు వెంటనే పోలేదు. పెదాల మీద ఉండిపోయింది, కళ్లు ముందు పోయాయి, ఆ ఎడమ చెయ్యి మళ్లీ నడుం దగ్గరికి వెళ్లింది, ఈసారి తనకి తెలిసే వెళ్లింది.

కండక్టర్ చెల్లెమ్మ నన్ను చూడటం లేదు, నా చేతిలో మిగిలిపోయిన ఎడమ బూటుని చూస్తోంది. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టు చెల్లెమ్మా, బస్సులో గొంతెత్తినట్టు ఈ నడవా అంతా వినబడేట్టు తిట్టు. ఆవిడ గొంతు ఎత్తలేదు.

"నలభై ఏడు అన్నయ్యా," అంది. "నేను లెక్కపెట్టాను. ఇరవై నాలుగు దాటగానే ఆపమందామని నోటిదాకా వచ్చింది. మీరు లెక్కపెడుతున్నారు కదా అని ఊరుకున్నాను."